గ్యాస్ గోలీ చాటున దాక్కున్న పురుగు

హనుమకొండలో నాకు చిన్న మెడికల్ షాపు ఉంది. 22 ఏళ్లుగా ఆ కౌంటర్ వెనకే నిలబడుతున్నాను. పొద్దున షట్టర్ ఎత్తగానే వచ్చే మొదటి బేరం దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, గ్యాస్ గోలీ ఇయ్యి." ఏ గోలీ అని వాళ్లు చెప్పరు, ఎందుకని నేను అడిగేవాణ్ని కాదు. పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ 40 స్ట్రిప్పు తీసి, కత్తెరతో ఐదు గోలీలు కత్తిరించి, కవర్లో వేసి ఇచ్చేవాణ్ని. చీటీ ఏదని అడిగితే ఎదురుగా ఇంకో షాపు ఉంది, అక్కడికి పోతారు.

ఆ గోలీ చెడ్డదని నేను అనడం లేదు. మంచి మందు. పుండు మానడానికి దానికి మించింది లేదు. నా గొడవల్లా వేరు. నెలల తరబడి కడుపు మంటతో తిరిగే మనిషికి పరీక్ష లేకుండా ఆ గోలీ అలవాటు చేస్తే, మంట చల్లారుతుంది గానీ దాని వెనక హెలికోబాక్టర్ పైలోరి (హెచ్ పైలోరి) అనే బ్యాక్టీరియా ఉంటే అది అక్కడే ఉంటుంది. అంతటితో పోతే బాగుండేది. రేపు ఎవరైనా పరీక్ష చేసినా అది దొరక్కుండా దాచిపెట్టేది కూడా ఆ గోలీయే. ఫార్మసీ చదివిన నాకు ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. మా అక్క మిరప చేలో కళ్లు తిరిగి పడేదాకా పట్టించుకోలేదు.

అక్కది పరకాల దగ్గర పల్లె. రెండెకరాల పత్తి, ఎకరం మిరప. అప్పటికి ఆమెకు 48 ఏళ్లు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి లేచి కూర్చునేది. బొడ్డుకు పైన, నడిమధ్యలో నిప్పు కణిక పెట్టినట్టు ఉండేదట. ఏదైనా తింటే కాసేపు చల్లబడేది. అందుకని తలాపున సకినాల డబ్బా పెట్టుకుని పడుకునేది. సంక్రాంతి సకినాలు అయిపోతే బిస్కెట్లు.

"ఆకలి మంట తమ్మీ. పని జేసేటోళ్లకు గట్లనే ఉంటది" అనేది.

ఖాళీ కడుపున నొప్పి, అర్ధరాత్రి మెలకువ, తింటే ఉపశమనం. చిన్నపేగు మొదట్లో పుండు పడితే ఎలా ఉంటుందో మా పాఠ్యపుస్తకంలో అచ్చం అలాగే ఉంది. అయినా నేను చేసిందేమిటంటే, నెలకు మూడు స్ట్రిప్పుల గ్యాస్ గోలీలు ఊరివాళ్ల చేతికిచ్చి బస్సులో పంపడం. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ పంపిందీ నేనే. కడుపులో పుండు పెట్టే గోలీ, పుండు మంట ఆర్పే గోలీ, రెండూ ఒకే కవర్లో. తమ్ముడి ప్రేమ అలా మూడేళ్లు నడిచింది.

ఆ తర్వాత ఒకరోజు మలం తారులాగా నల్లగా వచ్చింది. ఊళ్లో ఇచ్చిన ఐరన్ గోలీల వల్ల అనుకుంది. ఐరన్‌తో నల్లబడే మాట నిజమే కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు చేలో పడిపోయింది. ఆస్పత్రికి తెచ్చేసరికి హిమోగ్లోబిన్ 6.8. రెండు సీసాల రక్తం ఎక్కించి, నోట్లోంచి పైపు వేసి చూశారు. చిన్నపేగు మొదట్లో పుండు, దాన్నుంచే రక్తం. పైపుతోనే పొట్ట లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బ్యాక్టీరియాకు పరీక్ష చేశారు. రిపోర్టులో "హెచ్ పైలోరి నెగెటివ్" అని రాశారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. నొప్పుల గోలీ మానేయమన్నారు, గ్యాస్ గోలీ రాసిచ్చి పంపారు.

నాలుగు నెలలకు మంట మళ్లీ మొదలైంది.

ఈసారి చూసింది ఒక చిన్న వయసు డాక్టరు. రిపోర్టు మొత్తం చదివి అక్కను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "పైపు వేసిన రోజుకు ముందు గ్యాస్ గోలీ ఎప్పుడు వేసుకున్నవమ్మా?"

"అదే రోజు పొద్దుగాల ఏసుకున్న. రోజూ ఏసుకుంట గదా" అంది అక్క.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఎందుకలా చూసిందో చెప్పాలంటే ఆ పురుగు, అంటే ఆ బ్యాక్టీరియా, బతికే తీరు చెప్పాలి. పొట్టలో ఆమ్లం ఘాటుకు మామూలు బ్యాక్టీరియా నిమిషాల్లో చచ్చిపోతుంది. హెలికోబాక్టర్ పైలోరికి ఒక ఉపాయం ఉంది. యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేసి, పొట్టలో ఉండే యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. అమ్మోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆ ముసుగులో అది జిగురు పొర కిందికి దూరి, పొట్ట గోడకు ఆనుకుని ఏళ్లకు ఏళ్లు కాపురం చేస్తుంది. మనం చేసే పరీక్షలు చాలావరకు ఈ యూరియేజ్ జాడనో, పురుగు ముక్కలనో వెతుకుతాయి. గ్యాస్ గోలీ ఆమ్లాన్ని తగ్గించగానే పురుగుల సంఖ్య తగ్గుతుంది, ఉన్నవి కూడా పొట్ట కింది భాగం వదిలి పైభాగానికి జరుగుతాయి. ముక్క తీసేదేమో ఎక్కువగా కింది భాగం నుంచి. పైగా రక్తం కారుతున్నప్పుడు ఆ పరీక్ష ఇంకా తప్పుతుంది. ఆ రిపోర్టులో అబద్ధం ఏమీ లేదు. వెతికిన చోట పురుగు లేదు, అంతే.

అందుకే నియమం ఏమిటంటే, పరీక్షకు ముందు రెండు వారాలు గ్యాస్ గోలీ ఆపాలి. యాంటీబయాటిక్‌లు, కడుపు మంటకు వాడే బిస్మత్ మందు అయితే నాలుగు వారాలు. ఇది కొత్త సంగతేమీ కాదు, మార్గదర్శకాలన్నిటిలోనూ ఉంది. మా కౌంటర్ల మీద మాత్రం లేదు. ఆ రెండు వారాలు అక్క నన్ను తిట్టని రోజు లేదు. ఏళ్లుగా వేసుకున్న గోలీ ఒక్కసారిగా ఆపితే ఆమ్లం కట్ట తెగినట్టు వస్తుంది. మంట ముందుకంటే ఎక్కువవుతుంది. చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ గోలీ పట్టుకుంటారు. డాక్టరమ్మ ఆ రోజులకు ఆమ్లాన్ని విరిచే తెల్ల సిరప్పు తాగొచ్చని చెప్పింది గనుక నెట్టుకొచ్చాం.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను, ఈ కథ నాకు ఇష్టం. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజీ డాక్టరు, వాచిన పొట్ట ముక్కల్లో వంకర బ్యాక్టీరియాను చూశాడు. ఆమ్లంలో బ్యాక్టీరియా బతకదని లోకమంతా నమ్మే రోజులు. పుండుకు కారణం టెన్షన్, కారం, ఎక్కువ ఆమ్లం అనేవాళ్లు. 1981లో బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. ఆ పురుగును లాబ్‌లో పెంచాలని చూస్తే ఎంతకీ పెరగలేదు. రెండు రోజులకు ఏమీ కనిపించకపోతే ప్లేట్లు పారేసేవాళ్లు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి ప్లేట్లు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. తెరిచి చూస్తే పురుగు పెరిగి ఉంది. దానికి కావలసింది కాస్త వ్యవధి మాత్రమే. అయినా ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ పురుగులున్న ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు, నోటి దుర్వాసన, పైపు వేసి చూస్తే పొట్ట పొర వాచి ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆయన తాగి 40 ఏళ్లు దాటింది. మా షాపు ముందు నిలబడి వినండి, 1979కి ముందు పెర్త్‌లో అనుకున్న మాటలే వినిపిస్తాయి. "కారం ఎక్కువైంది", "టెన్షన్‌లు ఎక్కువున్నయి", "టైముకు తింటలేను". అందులో కారం మీద పడే నింద చూస్తే నాకు నవ్వొస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిరప బస్తాల మధ్య రోజంతా తుమ్ముకుంటూ తిరిగేవాళ్లందరికీ పుండ్లు ఉండాలి మరి. కారం ఉన్న పుండును మండిస్తుందేమో గానీ, పుండును పెట్టదు. పుండు పెట్టే వాటిలో పెద్దవి రెండే: ఈ బ్యాక్టీరియా, నొప్పుల గోలీలు. మా అక్క పాపం రెండూ మోసింది. మానేసింది మాత్రం ఎల్లిపాయ కారం.

మరి ఏ పరీక్ష చేయించాలి? వయసు మీదపడనివాళ్లకు, ప్రమాద సూచనలేవీ లేనివాళ్లకు మొదటి అడుగులోనే పైపు అక్కర్లేదు. శ్వాస పరీక్ష ఉంది. ప్రత్యేకమైన కార్బన్ ఉన్న యూరియా తాగిస్తారు, కడుపులో పురుగు ఉంటే దాన్ని విడగొడుతుంది, ఆ కార్బన్ ఊపిరిలో బయటికి వస్తుంది. అందమైన పరీక్షే, మా దగ్గర అంత తేలికగా దొరకదు. మలంలో పురుగు ముక్కలను వెతికే యాంటిజెన్ పరీక్షకు సాంపిల్ మాత్రం మా వీధి చివరి కలెక్షన్ సెంటర్ వాళ్లు కూడా తీసుకుని హైదరాబాద్ పంపుతారు. ఇబ్బంది ఒక్కటే, మలం పట్టి తేవాల్సిన ఆ డబ్బా.

"థూ, గిదేం పరీక్ష తమ్మీ! బస్సుల ఎవ్వలన్న మూత తీసి సూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

చివరికి టిఫిన్ డబ్బా సంచీలో, ఐస్ ముక్కల మధ్య పెట్టుకుని వచ్చింది. రిపోర్టు పాజిటివ్. ఈసారి ఊపిరి పీల్చుకున్నది డాక్టరమ్మ.

మూడోది రక్త పరీక్ష, మనవాళ్లకు అన్నిటికంటే ఇష్టమైనది. సూది గుచ్చితే అయిపోతుంది, డబ్బా గొడవ లేదు. కానీ అది చూసేది యాంటీబాడీలను, అంటే పురుగును ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకున్న వాటిని. ఎప్పుడో వచ్చి పోయిన పురుగు గుర్తులు కూడా రక్తంలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఇప్పుడు ఉందో, ఒకప్పుడు ఉండేదో అది చెప్పలేదు. దీన్ని చూస్తే నాకు టైఫాయిడ్‌కు చేసే వైడల్ రక్త పరీక్ష గుర్తొస్తుంది. జ్వరమొచ్చిన రెండో రోజే వైడల్ చేయించి, పాజిటివ్ అని రాగానే "టైఫాయిడ్ ఉంది" అని వారం రోజులు సెలైన్ ఎక్కించే దృశ్యం మన జిల్లాల్లో చూడనివాళ్లు ఉండరు. టైఫాయిడ్ ఎక్కువగా తిరిగే ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాడి రక్తంలోనూ ఎంతో కొంత వైడల్ చూపిస్తుంది. ఒక్క వైడల్‌తో టైఫాయిడ్ అని తేల్చడమూ, ఒక్క యాంటీబాడీ పరీక్షతో పైలోరి అని తేల్చడమూ ఒకే తప్పు. ఇటు ఆ పరీక్షలతో లేని రోగానికి మందు, అటు గ్యాస్ గోలీ మాటున ఉన్న రోగానికి మందు లేకపోవడం. రెండూ ఒకే వీధిలో జరుగుతాయి.

ఇక మందుల సంగతి. ఇక్కడ నేను ఇంకా ఎక్కువ తప్పు ఒప్పుకోవాలి.

అక్కకు మొదట రాసింది గ్యాస్ గోలీతో పాటు అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్, 14 రోజులు. నోరు చేదు, విరేచనాలు. ఆరో రోజు మంట తగ్గింది, ఆపేసింది. నాకు చెప్పలేదు. మిగిలిన అమాక్సిసిలిన్ పక్కింటావిడ పంటి నొప్పికి ఇచ్చిందని తర్వాత తెలిసింది. పుణ్యానికి పుణ్యం. నెలన్నర తర్వాత మళ్లీ డబ్బా, మళ్లీ పాజిటివ్.

ఆరు రోజులకే ఆపడం ఒక కారణం. అసలు ఆ మందు 14 రోజులు వాడినా పనిచేసేదా అన్నది రెండో ప్రశ్న. క్లారిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ ఒకే కుటుంబం. ఒకదానికి తిరగబడిన పురుగు రెండోదానికీ లొంగదు. జలుబు చేసిన ప్రతివాడికీ మూడు రోజుల అజిత్రోమైసిన్ ఇచ్చింది ఎవరు? మేమే. విరేచనాలు అనగానే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన గోలీ చేతిలో పెట్టింది ఎవరు? మేమే. ఆ ఒక్క గోలీలోనే పైలోరి మీద పనికొచ్చే రెండు మందుల కుటుంబాలు ఉన్నాయి. విరేచనాల పేరుతో రెండింటినీ అరగదీశాం. క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరిని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొత్త మందులు అత్యవసరమైన బ్యాక్టీరియాల జాబితాలో చేర్చింది. ఆ వార్త చదివినప్పుడు అదెక్కడో జెనీవా సంగతి అనుకున్నాను. దాని ముడిసరుకు నా అలమారాలోనే ఉంది.

ఒక ప్రాంతంలో నూటికి 15 మందికి మించి క్లారిత్రోమైసిన్ పనిచేయకపోతే దాన్ని గుడ్డిగా మొదటి మందుగా వాడొద్దంటారు. దీనికే వాడే ఇంకో మందు మెట్రోనిడజోల్‌కు మన దేశంలో తిరుగుబాటు మరీ ఎక్కువ. అయినా కిట్ల రూపంలో, రోజుకో స్ట్రిప్పు చొప్పున ఈ మందులు ఏడు రోజులకే అమ్ముడవుతున్నాయి. "వారానికి చాలు" అంటాడు కొనేవాడు. చాలదు. ఇప్పటి సలహా 14 రోజులు.

రెండో విడత నాలుగు మందులు: రోజుకు రెండుసార్లు గ్యాస్ గోలీ, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. రోజుకు పద్నాలుగుకు తగ్గకుండా గోలీలు. టెట్రాసైక్లిన్ పాత మందు, లాభం లేని మందు, హనుమకొండలో నాకు దొరకలేదు. దాని బదులు డాక్సీసైక్లిన్ వేస్తే పోలా అనుకున్నాను, డాక్టరమ్మ ఒప్పుకోలేదు, అది అంత బాగా పనిచేయదంది. హైదరాబాద్‌లో హోల్‌సేల్ వాళ్లను బతిమాలి తెప్పించాను.

ఈసారి తెలివి వచ్చింది. మందు ఇవ్వడానికి ముందే అరగంట కూర్చుని చెప్పాను. నోరు ఇనుము నాకినట్టు ఉంటుంది. నాలుక నల్లబడుతుంది. మలం కూడా నల్లబడుతుంది, అది బిస్మత్ వల్ల, భయపడొద్దు. కానీ జిగటగా తారులా ఉండి, కళ్లు తిరిగితే మాత్రం ఫోన్ చెయ్యి. 14 రోజులూ, ఆ తర్వాత ఇంకో మూడు రోజులూ కల్లు ముట్టొద్దు. మా వైపు పండక్కో పబ్బానికో ఆడవాళ్లూ ఓ సీసా కల్లు తాగుతారు, దాచేదేం లేదు. ఈ ఒక్కమాట చెప్పకపోవడం వల్ల ఎన్ని కోర్సులు మధ్యలో ఆగిపోయాయో. దావత్ వస్తే మందు గోలీ ఆపుతారు గానీ మందు ఆపరు.

చెప్పినా నాలుగో రోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. "తమ్మీ, మల్ల నల్లగ అయింది." కళ్లు తిరుగుతున్నాయా? లేదు. జిగటగా ఉందా? లేదు. పడుకో అక్కా. పూర్తిగా వాడింది.

కోర్సు అయ్యాక నెల మీద వారం ఆగి, చివరి రెండు వారాలు గ్యాస్ గోలీ కూడా లేకుండా, మూడోసారి డబ్బా. నెగెటివ్.

నా పట్టు అంతా ఈ చివరి పరీక్ష మీదే. మొదటి పరీక్షయినా అక్కడక్కడా జరుగుతోంది, ఈ రెండోది దాదాపు ఎవరూ అడగరు. మంట తగ్గింది కదా, ఇంకా ఎందుకు ఖర్చు అంటారు. మంట తగ్గడానికీ పురుగు పోవడానికీ సంబంధం లేదు. ఆరో రోజు అక్కకు మంట తగ్గింది, పురుగు అక్కడే ఉంది. ఇన్ని మందులకు తిరగబడ్డ బ్యాక్టీరియాను కొట్టి, చచ్చిందో లేదో చూడకుండా వెళ్లిపోవడం పాము పుట్టలో గడ్డపార వేసి ఇంటికి పోవడమే.

దీనికి ఎదురు మాటలు లేకపోలేదు, న్యాయమైనవే. ఒకటి, మన దేశంలో ఈ పురుగు చాలామందికి చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచి అంటుతుంది. ఎక్కువ మందికి జీవితాంతం ఏమీ కాదు. అందరికీ పరీక్ష చేసి అందరికీ యాంటీబయాటిక్‌లు పోస్తే, నేను పైన ఏడ్చిన రోగమే పెరుగుతుంది. ఒప్పుకుంటాను. బాధ లేనివాడి జోలికి పోవద్దు. ఈ బ్యాక్టీరియాను 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, చేర్చారన్నది నిజమే. కానీ ఆ మాట చెప్పి భయపెట్టి ప్యాకేజీలు అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పురుగు ఇంత ఉన్నా పొట్ట క్యాన్సర్ మన దగ్గర అంతగా లేకపోవడం డాక్టర్లకే ఒక చిక్కుముడి.

రెండోది ఇంకా గట్టి వాదన. పుండు లేకుండా ఊరికే ఉబ్బరం, మంట ఉన్నవాళ్లలో పురుగును చంపినా చాలామందికి బాధ పోదు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సుమారు 14 మందికి వైద్యం చేస్తే ఒకరికి అదనంగా బాధ పూర్తిగా పోతుంది. తేనుపులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు దీంతో లాభం దాదాపు లేదు. ఈ లెక్క రోగికి ముందే చెప్పాలి. చెప్పకపోతే కోర్సు అయ్యాక "మీ మందు పనిచేయలే" అని వచ్చి మళ్లీ గ్యాస్ గోలీ అడుగుతాడు. అయినా పరీక్షే నయమంటాను. ఆ పద్నాలుగు మందిలో ఎవరి పేగులో మా అక్కకున్నట్టు పుండు ఉందో బయటి నుంచి నాకు కనబడదు. నా కత్తెరకు అసలే కనబడదు.

ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి రక్తం, మూత్రం సాంపిళ్లు జిల్లా డయాగ్నోస్టిక్ హబ్‌కు బండిలో పోయే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. ప్రతి పీహెచ్‌సీ నుంచీ ఆ బండిలోనే ఈ డబ్బా కూడా పోయి, మూడు రోజుల్లో జవాబు ఫోన్‌కు వస్తే, నా షాపులో సగం గ్యాస్ గోలీలు మిగిలిపోతాయి. మిగలనీ. ఓపీలో ఒక్కో మనిషికి మూడు నిమిషాలు కూడా దొరకని డాక్టరు మీద ఇదంతా వేయడం అన్యాయమని తెలుసు. కానీ ఆ చిన్న డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు పది సెకన్లు పట్టింది.

నేనిప్పుడు రెండు అడుగుతున్నాను. ఎన్నాళ్ల నుంచి? ఇంతకుముందు ఎన్నాళ్లు వేసుకున్నావు? నెల దాటితే గోలీ ఇవ్వను, డాక్టరు దగ్గరికి పొమ్మంటాను. బరువు తగ్గినా, ముద్ద దిగకపోయినా, రక్తం కక్కినా, మలం నల్లబడినా, మొహం పాలిపోయినా డబ్బా గిబ్బా లేదు, నేరుగా పైపు పరీక్షకే. పెద్ద వయసులో కొత్తగా మొదలైన మంటకూ అంతే. "నువ్వేం డాక్టర్‌వా?" అని ఒకాయన విసుక్కుని ఎదురు షాపుకు పోయాడు. అక్కడ స్ట్రిప్పు తీసుకుని, నాకు కనబడేలా ఊపి మరీ పోయాడు.

మొన్న అక్క ఫోన్ చేసింది. బావకు రాత్రిళ్లు మంట అట. డబ్బా పంపాను, ఎలా తేవాలో చెప్పాను. పది రోజులైనా రాలేదు. అడిగితే అక్క గొంతు తగ్గించి చెప్పింది. "డబ్బ అల్మారల పెట్టిండు తమ్మీ. పరకాలల ఎవనితోటో గ్యాస్ గోలీలు తెప్పించుకుంటాండు. నీకు చెప్పొద్దన్నడు."